దొర పోయాడు, రిజిస్టర్ ఉంది
(వలస వారసత్వం – 6వ భాగం)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇంకా ఎన్నాళ్ళు బ్రిటిషోడి గురించి రాస్తావు? రాజ్‌పథ్ కర్తవ్యపథ్ అయింది. జార్జి రాజు బొమ్మ ఉన్న చోట నేతాజీ నిలబడ్డాడు. ఐపీసీ పోయి న్యాయ సంహిత వచ్చింది. బానిసత్వపు గుర్తులన్నీ తుడిచేస్తున్నారు కదా" అని.

నిజమే, తుడుస్తున్నారు. కానీ వీధి పేరు మార్చడానికి ఒక డబ్బా రంగు, ఒక రేకు బోర్డు సరిపోతాయి. బొమ్మ దించడానికి ఒక క్రేను చాలు. నేను ఈ భాగంలో ఒక రిజిస్టర్ గురించి రాస్తున్నాను. పోలీస్ స్టేషన్ బీరువాలో ఉండే రిజిస్టర్. దాన్ని దొర మొదలుపెట్టాడు. దొర ఓడెక్కి వెళ్ళిపోయాక మనవాళ్ళు దాన్ని మూసేయలేదు. అట్ట మార్చి, పైన కొత్త పేరు రాసుకున్నారు. ఎందుకు మూసేయలేదు అన్నదే నా ప్రశ్న.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా హాస్టల్లో ఒక కుర్రాడి పరీక్ష ఫీజు డబ్బులు పోయాయి. పెద్ద మొత్తమేం కాదు గానీ వాళ్ళమ్మ మిరపకాయల కోతకెళ్ళి పంపిన డబ్బు. హాస్టల్లో ఎక్కువమందిమి మాల మాదిగ పిల్లలం. ఎరుకల పిల్లలు ఇద్దరుండేవాళ్ళు. వాళ్ళది సెటిల్‌మెంట్ ఊరు. వార్డెన్ సార్ ఎవర్నీ ఏమీ అడగలేదు. "ఆ ఊరోళ్ళు ఇద్దరూ బయటికి రండిరా" అన్నాడు. అంతే. పేర్లు కూడా పిలవలేదు. వాళ్ళ ట్రంకు పెట్టెలు వరండాలో బోర్లించారు. బట్టలు, పుస్తకాలు, ఒక కొబ్బరి నూనె సీసా. ఏమీ దొరకలేదు. దొరక్కపోయినా సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టారు. రెండు రోజుల తర్వాత డబ్బులు ఆ కుర్రాడి సోషల్ పుస్తకం అట్టలోనే దొరికాయి. ఎవరూ ఎవరికీ సారీ చెప్పలేదు.

ఆ ఇద్దరిలో ఒకడు నా పక్క మంచం. నా దగ్గర లెక్కలు చెప్పించుకునేవాడు. నేను వరండాలో స్తంభం పక్కన నిలబడి చూశాను. నోరు తెరవలేదు. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్తాను. ఆ వార్డెన్ సార్ మనోడే. మా పేటకి బంధువు.

ఆయనకి ఆ ఊరి పేరు వినగానే ఆ ఆలోచన ఎందుకొచ్చింది? పద్నాలుగేళ్ళ నాకు అది మామూలు విషయంలా ఎందుకు కనిపించింది? దానికి జవాబు కావాలంటే 1871కి పోవాలి.

ఆ ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ చేసింది. ఆ సంవత్సరం 27వ చట్టం. ఒక తెగ మొత్తాన్ని నేరస్థ తెగ అని గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, ఆ తెగలో పుట్టినవాడి పేరు రిజిస్టర్లో ఎక్కించొచ్చు. వాడు ఏం చేశాడని అడగనక్కర్లేదు. ఆ ప్రకటన తప్పని కోర్టులో వాదించుకునే దారిని కూడా చట్టమే మూసేసింది. మొదట ఉత్తరాదిన అమలు చేశారు. 1911లో చట్టాన్ని తిరగరాసి దేశమంతటికీ వర్తించేలా చేశాక మద్రాసు ప్రెసిడెన్సీలోకి, అంటే మన జిల్లాల్లోకి వచ్చింది. వేలిముద్రలు తీసుకోవడం, ఇల్లు మారితే చెప్పాలనడం, వేళకి హాజరు పలకాలనడం, తెగని తెగగా ఒకచోట సెటిల్‌మెంట్లో పెట్టడం, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీయడం – ఇవన్నీ ఆ చట్టం ఇచ్చిన అధికారాలు. 1924లో అన్నిటినీ కలిపి ఇంకో చట్టంగా కూర్చారు.

ఇంగ్లండ్‌లో కూడా పాత నేరస్థుల మీద నిఘా చట్టాలు ఉండేవి. అవి శిక్ష పడిన మనిషి వెంట పడేవి. ఇక్కడికి వచ్చేసరికి మనిషి పోయి తెగ ఎందుకొచ్చింది? అప్పటి అధికారుల వాదన ఒకటే. ఈ దేశంలో వృత్తి పుట్టుకతో వస్తుంది, వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలె కొడుకు సాలె, అట్లాగే దొంగతనం కూడా తరతరాలుగా వచ్చే కులవృత్తి అన్నారు. ఈ లెక్క దొర ఇంగ్లండ్ నుంచి మోసుకొచ్చింది కాదు. ఇక్కడ అగ్రహారంలో కూర్చుని నేర్చుకున్నాడు. కులం ఆలోచన ఇచ్చింది, దొర దానికి కాగితం, సీలు, జీతం తీసుకునే కానిస్టేబులు ఇచ్చాడు. పాత చట్టంలోనే ఊరి పెద్దలకీ, గ్రామ కావలివాళ్ళకీ, భూస్వాములకీ ఒక బాధ్యత పెట్టారు – రిజిస్టర్లో ఉన్నవాడు చెప్పకుండా కదిలితే పోలీసులకి కబురు చెయ్యాలి. మునసబుకీ కరణానికీ అంతకు ముందే ఊళ్ళో ఉన్న పెత్తనానికి సర్కారు ముద్ర పడింది.

మన ఎరుకలవాళ్ళ సంగతే చూడండి. వాళ్ళు కోస్తా నుంచి ఉప్పు తీసుకుని గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్ళకి పోయి ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. వెదురు బుట్టలు, ఈత చాపలు అల్లి అమ్మేవాళ్ళు. ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం వచ్చింది. తర్వాత రైలొచ్చి మిగిలిన సరుకు కూడా లాగేసుకుంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి వెదురు కొడితే నేరమంది. మధ్యలో 1876-78 కరువు. బతుకుతెరువు పోయి ఊరూరా తిరిగేవాణ్ణి పట్టుకుని "నీకు ఇల్లూ వాకిలీ లేదు, కాబట్టి నువ్వు అనుమానితుడివి" అన్నారు. ఎవరి చేతులతో వాళ్ళ వ్యాపారం పోయిందో ఆ చేతులే వాళ్ళ వేలిముద్రలు తీసుకున్నాయి.

అట్లా పుట్టిన ఊళ్ళే బాపట్ల – చీరాల మధ్య స్టూవర్టుపురం, కావలి, సీతానగరం, కప్పరాళ్ళతిప్ప, సిద్ధాపురం. స్టూవర్టుపురం 1913లో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. కావలిది అమెరికన్ బాప్టిస్టులు చూసుకున్నారు. బడి పెట్టారు, భూమి ఇచ్చారు, ప్రార్థన నేర్పారు. అది నిజం, కాదనకూడదు. ఆ కూలీలే చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూడా పోయారు. అదీ నిజం. పారిపోవడానికి వీల్లేని కూలీ దొరికితే ఏ ఫ్యాక్టరీ వద్దంటుంది?

(ఈ సందర్భంలో ఒక మాట. "వాడు పెద్ద కేడీ" అంటాం కదా. ఆ కేడీ పోలీసు రిజిస్టర్లోంచి వచ్చిన పొట్టి అక్షరాలు – నోన్ డిప్రెడేటర్, అంటే తెలిసిన దోపిడీగాడు. మన నోట్లో ఎన్ని పోలీసు మాటలున్నాయో ఒకసారి లెక్కేసుకోండి.)

ఇక మన సొంత రాజ్యం సంగతి.

నెహ్రూ 1936లో నెల్లూరు వచ్చినప్పుడు ఈ చట్టాన్ని గట్టిగా తిట్టాడు. ఒక తెగ మొత్తాన్ని నేరస్థులు అనడం ఏ న్యాయానికీ సరిపడదన్నాడు. నెల్లూరులో అన్నాడంటే, ఎరుకలవాళ్ళు, యానాదులు ఉన్న గడ్డ మీద అన్నాడు. మద్రాసు రాష్ట్రం 1947లో చట్టాన్ని రద్దు చేసింది. బాగుంది. మరుసటి ఏడాదే, 1948లో, అలవాటు నేరస్థుల మీద ఆంక్షల చట్టం చేసింది. కేంద్రం 1949లో అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కమిటీ వేసింది. పాత చట్టం రద్దు చెయ్యండి, దాని బదులు కులం పేరెత్తకుండా అలవాటు నేరస్థుల చట్టం పెట్టుకోండి అని ఆ కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకి, సమానత్వం రాసుకున్న రాజ్యాంగం వచ్చిన రెండున్నరేళ్ళకి. అందుకే విముక్త జాతులవాళ్ళకి ఆగస్టు 15 కన్నా ఆగస్టు 31 పెద్ద పండగ. 1962లో ఆంధ్రప్రదేశ్ కూడా తన సొంత అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది.

కొత్త చట్టంలో తెగ పేరు ఉండదు. మనిషి నేర చరిత్ర చూడాలి. కాగితం మీద ఇది పెద్ద మార్పే. కానీ ఆ నేర చరిత్ర ఎవరికి ఉంటుంది? నలభై ఏళ్ళు ఎవరి గుడిసెలు సోదా చేశారో, ఎక్కడ దొంగతనం జరిగినా ఎవర్ని ముందు తీసుకొచ్చి కూర్చోబెట్టారో వాళ్ళకే ఉంటుంది. పాత రిజిస్టర్ నుంచి కొత్త రిజిస్టర్‌కి పేర్లు ఎక్కించడానికి తెగ పేరుతో పనేముంది?

కొందరు మేధావులు అంటారు, "కొత్త దేశం, దేశవిభజన రక్తం ఇంకా ఆరలేదు, రాత్రికి రాత్రి అన్ని చట్టాలూ ఎక్కడ రాస్తారు" అని. ఈ వాదనలో నిజం ఉంది. 1947 ఆగస్టు 16న పొద్దున కోర్టు తెరుచుకోవాలి, రైలు నడవాలి, శిస్తు వసూలవ్వాలి. అందుకే రాజ్యాంగంలో 372వ అధికరణం పెట్టుకున్నాం, మార్చేదాకా పాత చట్టాలు నడుస్తాయని. దాని ఎదురుగా 13వ అధికరణం కూడా పెట్టుకున్నాం, ప్రాథమిక హక్కులకి అడ్డొచ్చే పాత చట్టం చెల్లదని. 372ని వాడుకోవడానికి ప్రభుత్వానికి ఒక్క నిమిషం పట్టలేదు. 13ని వాడటానికి మాత్రం బాధపడ్డవాడే వకీలుని పెట్టుకుని కోర్టుకి పోవాలి. జమీందారీలు రద్దు చెయ్యడానికి తీరిక దొరికింది. అవసరమైనప్పుడు రాజ్యాంగాన్నే మొదటి ఏడాదిన్నరలో సవరించారు. కాబట్టి తీరిక లేక వదిలేశారంటే నేను నమ్మను. కానిస్టేబులు ముందు ఎవరు నిలబడాలి, ఎవరు కుర్చీలో కూర్చోవాలి అన్న పాత వరస కొత్త ఏలికలకి ఇబ్బంది అనిపించలేదు. ఆ వరసలో వాళ్ళెప్పుడూ కుర్చీ వైపే ఉన్నారు.

జైలు సంగతి ఇంకా విచిత్రం. 1855లో బీహార్‌లో ఆరా, ముజఫర్‌పూర్ జైళ్ళలో ఖైదీల ఇత్తడి లోటాలు తీసేసి మట్టి ముంతలు ఇద్దామని దొరలు చూశారు. మైల పడతామని అగ్రకులాల ఖైదీలు తిరగబడ్డారు, బయట జనం కూడా కదిలారు. దొర వెనక్కి తగ్గాడు. ఏ ఉద్యమానికీ తేలిగ్గా లొంగని సామ్రాజ్యం లోటా ముందు లొంగింది చూడండి. కులాన్ని కదిలించకుండా జైలు నడపడం నేర్చుకున్నారు. వంట ఎవరు చెయ్యాలి, దొడ్లు ఎవరు కడగాలి అన్నది మాన్యువల్లో ఎక్కింది.

సరే, అది దొర కాలం. 1951లో రాజస్థాన్ తన జైలు నిబంధనలు రాసుకుంది. రాజ్యాంగం వచ్చిన మరుసటి ఏడాది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిన మరుసటి ఏడాది. అందులో వంటకి బ్రాహ్మణులు, పాకీ పనికి మెహతర్లు. పశ్చిమ బెంగాల్ నిబంధనల్లో పాకీ పనికి మెహతర్, హాడీ కులాలవాళ్ళని ఎంచుకోవాలని ఉంది. రాత్రి కాపలాకి పెట్టే ఖైదీ, పారిపోయే స్వభావం ఉన్న సంచార తెగలవాడు కాకూడదని ఉంది. ఉత్తరప్రదేశ్ మాన్యువల్లో సాధారణ శిక్ష పడ్డవాడికి నీచమైన పనులు చెప్పొద్దు అని రాసి, ఆ పనికి అలవాటు పడిన వర్గం వాడైతే తప్ప అని చేర్చారు. అలవాటు అట! ఎవడు అలవాటు చేశాడు?

ఇవన్నీ కట్టకట్టి బయటపెట్టింది జర్నలిస్టు సుకన్య శాంత. 2020లో ఆమె రాసిన కథనంతో రాజస్థాన్ కదిలి నిబంధనలు మార్చుకుంది. తర్వాత ఆమె సుప్రీంకోర్టుకి పోయింది. 2024 అక్టోబర్ 3న చంద్రచూడ్, పార్దీవాలా, మనోజ్ మిశ్రా ధర్మాసనం ఆ నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. అలవాటు నేరస్థుడన్న పేరుతో విముక్త జాతులవాళ్ళని వేరుగా చూడొద్దంది. మూడు నెలల్లో మాన్యువళ్ళు సవరించమంది. డెబ్బై నాలుగేళ్ళు రాజ్యాంగమూ ఈ మాన్యువళ్ళూ ఒకే బీరువాలో పక్కపక్కనే ఉన్నాయన్న మాట.

ఇది మన ఒక్కరి కథే అనుకోకండి. రువాండాలో 1930ల్లో బెల్జియం పాలకులు హుటు, టుట్సీ, ట్వా అని రాసిన గుర్తింపు కార్డులు ఇచ్చారు. 1962లో దేశం స్వతంత్రమైంది. కొత్త ఏలికలు జెండా మార్చారు, కార్డు మార్చలేదు. ఇప్పుడు అధికారం తమ వైపు ఉంది కాబట్టి ఆ కార్డు పనికొస్తుందనుకున్నారు. 1994లో రోడ్ల మీద అడ్డంగా నిలబడి ఆ కార్డు చూసి నరికారు. ఆ మారణకాండ తర్వాత గానీ కార్డు మీద ఆ మాట పోలేదు. మన కథకీ వాళ్ళ కథకీ తేడాలు చాలా ఉన్నాయి, రెండూ ఒకటే అనడం లేదు. కానీ వలసపాలకుడు వదిలిపోయిన కాగితాన్ని కొత్త ప్రభువు ఎందుకు దాచుకుంటాడో అక్కడ బాగా కనిపిస్తుంది.

ఇక్కడ దేశభక్తులు ఒక మాట అంటారు, "కులాన్ని గట్టిచేసింది బ్రిటిషోడే, వాడే మనల్ని విడగొట్టాడు" అని. సగం ఒప్పుకుంటాను. జనాభా లెక్కల్లో, సైన్యంలో, జైల్లో వాడు కులాన్ని కాగితం మీద గట్టిచేశాడు. కానీ గట్టిపడటానికి ముందు అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా. మనవాళ్ళు కొందరు దానికి తలకిందుగా మాట్లాడతారు. బ్రిటిషోడు బడి పెట్టాడు, మిలిటరీలో చేర్చుకున్నాడు, వాడే నయం అని. మా తాత మిషన్ బళ్ళో చదివాడు కాబట్టే నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆ రుణం నాకు తెలుసు. కానీ మా తాతకి పలకా బలపం ఇచ్చిన కాలమే ఎరుకల తాతకి హాజరు పట్టీ ఇచ్చింది. ఒకటి చెప్పి ఇంకోటి దాచలేం. బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అడిగింది కూడా ఇదే. వేల కులాలుగా చీలిన జనం ఒక జాతి ఎట్లా అవుతారని. మనం ఇంకా జాతి కాలేదని ముందు ఒప్పుకుంటేనే జాతి కావడం గురించి ఆలోచిస్తామని ఆయన భావం.

మరి ఇప్పటి సంగతి? 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం వలస చట్టమని దాన్ని తీసేసి 2022లో కొత్తది తెచ్చారు. పాతదాంట్లో వేలిముద్రలు, పాదముద్రలు, ఫొటోలు. కొత్తదాంట్లో కంటిపాప, రక్తం లాంటి నమూనాలు కూడా. రికార్డు డెబ్బై ఐదేళ్ళు దాస్తారు. దొర ఇంత అడగలేదు. 2024 జూలై 1న నేర శిక్షాస్మృతులు మూడూ మారాయి. పాత సీఆర్‌పీసీలో 110వ సెక్షన్ అని ఒకటుండేది. అలవాటు నేరస్థుడని అనుమానం ఉంటే మంచి నడవడికకి పూచీకత్తు రాయించుకునే సెక్షన్. అది కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 129గా కూర్చుంది. తమ్ముడూ, నువ్వన్న తుడవడం ఇదే. నంబరు తుడిచారు.

1998లో పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే ఖేడియా శబర్ యువకుడు కస్టడీలో చనిపోయాడు. మహాశ్వేతాదేవి వాళ్ళు హైకోర్టుకి పోయి పోరాడారు, కుటుంబానికి పరిహారం వచ్చింది. చట్టం రద్దయిన నలభై ఆరేళ్ళకి అతన్ని స్టేషన్‌కి తీసుకుపోయింది ఆ పాత రిజిస్టర్ జ్ఞాపకమే. మన దగ్గర ఆ జ్ఞాపకాన్ని సినిమా కాపాడుతోంది. 1991లో "స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్", 2023లో "టైగర్ నాగేశ్వరరావు". మధ్యలో ముప్పై రెండేళ్ళు. ఆ ఊళ్ళో టీచర్లయినవాళ్ళున్నారు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళ మీద సినిమా తీస్తే టికెట్ తెగదు కాబోలు.

మన పల్లెల సంగతి కూడా రాయకపోతే నేను అబద్ధం రాసినట్టే. ఎరుకల బుట్టలామె వాకిట్లోకొస్తే గబుక్కున తలుపు దగ్గరికేసే అమ్మలు మన పేటల్లో లేరా? మనల్ని ఊరు చూసినట్టు మనం వాళ్ళని చూడలేదా? నా హాస్టల్ వార్డెన్ చేతిలో ఏ చట్టం లేదు, ఏ రిజిస్టర్ లేదు. అయినా పిలిచాడు.

ఈ భాగం రాయాలనుకున్నాక నా హాస్టల్ స్నేహితుడికి ఫోన్ చేశాను. ఇప్పుడు సర్కారు ఉద్యోగం చేస్తున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆనాటి సంగతి ఎత్తి, "ఆ రోజు నేను మాట్లాడాల్సిందిరా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నువ్వు మాట్లాడితే నిన్నూ నిలబెట్టేవోళ్ళులేరా" అన్నాడు. అద్దె ఇంటికి పోయినప్పుడు ఇప్పటికీ సొంత ఊరి పేరు చెప్పడట. పక్క టౌన్ పేరు చెప్తాడట. ఆధార్ జిరాక్స్ అడిగినప్పుడే చిక్కు. ఊరి పేరు అందులో ఉంటుంది కదా. రెండిళ్ళు అట్లాగే పోయాయట. "మా పెద్దదానికి ఇంకా తెలీదురా, ఇంటరు కాంగానే చెప్తా" అన్నాడు.

నేను ఈ వారం జైళ్ళ శాఖకి సమాచార హక్కు దరఖాస్తు పెడుతున్నాను. మూడు ప్రశ్నలు. 2024 అక్టోబర్ 3 తీర్పు తర్వాత మన రాష్ట్ర జైలు నిబంధనల్లో ఏ ఏ నియమాలు మార్చారు, ఏ తేదీన మార్చారు. ఖైదీల రిజిస్టర్లో కులం గడి తీసేశారా. అలవాటు నేరస్థుడని ఎవర్ని వర్గీకరిస్తున్నారు, ఏ నిబంధన కింద. తెలంగాణలో ఉన్న మిత్రులు అక్కడ పెట్టండి. దరఖాస్తు నమూనా కావాల్సినవాళ్ళు నాకు మెసేజ్ చెయ్యండి, పంపుతాను. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. జవాబొస్తే ఉన్నదున్నట్టు ఇక్కడ పెడతాను. రాకపోతే అప్పీలు కాగితం పెడతాను.

ఏడో భాగం పంచమ భూముల మీద.